పదవి ఒక అమానతు: రాజమండ్రి ప్లీడరు ప్రకాశం పంతులు

గత నెలలో ఒక సాయంత్రం, అసర్ నమాజు ముగిసి పిల్లలు పుస్తకాలు సర్దుకొంటున్న సమయంలో, మా పాత విద్యార్థి ఒకడు మదరసాకు వచ్చాడు. చిన్నతనంలో మా వద్ద నాలుగేళ్ళు చదివి, తరువాత ప్రభుత్వ పాఠశాలకు, అటుపై న్యాయకళాశాలకు వెళ్ళినవాడు. ఇప్పుడు మా పట్టణంలోనే వకీలు. కోర్టు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, నల్లకోటు చేతిమీద వేసుకొని ఉన్నాడు. కుశలప్రశ్నలు అయ్యాక కొంతసేపు తల వంచుకొని కూర్చుని, "హజ్రత్! పురపాలక ఎన్నికలలో మా వార్డు నుంచి నిలబడమని పేటవాళ్ళు అడుగుతున్నారు. అమ్మ వద్దంటున్నది. మీరు ఏమంటారు?" అని అడిగాడు.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. కారణం ఉన్నది. దాదాపు ఇరవై ఏళ్ళ క్రితం ఇదే ప్రశ్నతో మరొక యువకుడు ఇదే అరుగుమీద కూర్చున్నాడు. అప్పుడు మేము క్షణమైనా ఆలోచించకుండా, "బాబూ, అది బురద. దిగినవాడి బట్టలు తెల్లగా ఉండవు. నీ వ్యాపారం నీవు చూసుకో" అని చెప్పి పంపించాము. ఆ యువకుడు మా మాట మన్నించాడు. నేడు పెద్ద దుకాణం నడుపుతున్నాడు, మమ్మల్ని ఎంతో గౌరవిస్తాడు. కాని అతని వీధిలోని మురుగుకాలువ ఇప్పటికీ పొంగుతూనే ఉన్నది. వర్షాకాలంలో ఆ నీరు మా మదరసా గుమ్మం దాకా వస్తుంది. ఆ నీటిలో చెప్పులు చేతపట్టుకొని నడిచి వచ్చే పిల్లలను చూసినప్పుడల్లా మా సలహా మాకు గుర్తుకు వస్తుంది. బురదకు దూరంగా ఉండమని చెప్పినందుకు ఆ బురద మా గుమ్మంలోకే వచ్చిందని మాకు మేమే అనుకొంటాము.

అందుచేత ఆ వకీలుకు రెండు రోజుల గడువు అడిగాము. ఆ రెండు రోజులూ మా మనసు టంగుటూరి ప్రకాశం పంతులుగారి జీవితం చుట్టూ తిరిగింది. మేము పుట్టినది ఆయన పేరు పెట్టుకొన్న జిల్లాలోనే. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు. మదరసా సెలవులలో ఊరికి వచ్చినప్పుడు శాఖా గ్రంథాలయంలో కూర్చుని ఆయన ఆత్మకథ "నా జీవిత యాత్ర"ను మేము చదివాము. ఉర్దూ, అరబ్బీ చదువులలో మునిగి ఉన్న మాకు తెలుగు గద్యం మీద మక్కువ కలిగించిన పుస్తకాలలో అది ఒకటి. ప్రకాశంగారిని లోకం "ఆంధ్రకేసరి"గా ఎరుగును. ముఖ్యమంత్రిగా ఎరుగును. కాని అంతకుముందు ఆయన ఒక చిన్న పట్టణంలో ప్లీడరు, ఆ పట్టణపు మునిసిపల్ ఛైర్మన్. ఈ భాగాన్ని చాలామంది దాటవేస్తారు. మాకు మాత్రం ఇదే ముఖ్యమనిపించింది.

మూడు రూపాయల పరీక్ష రుసుము

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు సమీపంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. తండ్రి చనిపోయేనాటికి ఆయనకు పదకొండేళ్ళు. ఇంటి పెద్ద పోయిన కుటుంబంలో పిల్లల ఆకలి ఎంత త్వరగా గుమ్మం తొక్కుతుందో ఈ పత్రిక చదివే తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు. సుబ్బమ్మగారు పిల్లలను తీసుకొని ఒంగోలు చేరి పూటకూళ్ళ ఇల్లు నడిపారు. గౌరవంగల కుటుంబంలోని స్త్రీ పరుల కోసం పొయ్యి ముట్టించి, అన్నం అమ్మి బిడ్డలను పోషించడం ఆనాటి సంఘంలో తేలికగా చూడబడే పని. ఆమె ఆ మాటలను లెక్కచేయలేదు.

మిడిల్ స్కూలు పరీక్షకు కట్టవలసిన రుసుము మూడు రూపాయలు. ఆ మూడు రూపాయలు ఇంట్లో లేవు. బాలుడు డబ్బు కోసం బావగారి ఊరికి కాలినడకన వెళ్ళి వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. చివరకు తల్లి తన పట్టుచీరను తాకట్టు పెట్టి ఆ రుసుము కట్టింది. తరువాతి కాలంలో లక్షల రూపాయలు ఆర్జించిన వ్యక్తి జీవితం ఒక చీర తాకట్టు మీద నిలిచినదని గ్రహిస్తే, మన ఇళ్ళలో తల్లులు నగ అమ్మి, గిన్నె అమ్మి కట్టే ఫీజుల విలువ మనకు తెలుస్తుంది.

ఆ బాలుడు తిన్నగా పెరిగినవాడేమీ కాదు. నాటకాల పిచ్చి, అల్లరి సావాసాలు, వీధి తగవులు అన్నీ ఆయనకు ఉండేవి. తన బాల్యాన్ని ఆయన తన కథలో దాచుకోలేదు. అటువంటి పిల్లవాడిలో ఒక ఉపాధ్యాయుడు ఏదో చూశాడు. ఆయన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు, ఒంగోలు మిషను పాఠశాలలో గురువు. నాయుడుగారు రాజమండ్రికి తరలినప్పుడు ఈ శిష్యుడిని కూడా వెంట తీసుకొని వెళ్ళారు. శిష్యుని కులం వేరు, గురువు కులం వేరు. ఆ కాలంలో అది చిన్న మాట కాదు. అయినా ఆ ఇంట ఆ బాలుడు కన్నబిడ్డవలె పెరిగాడు, మెట్రిక్యులేషను చదివాడు. తరువాత మద్రాసులో న్యాయశాస్త్రం చదవడానికి సైతం గురువుగారే తోడ్పడ్డారు. పాతికేళ్ళకు పైగా పిల్లలకు చదువు చెబుతున్న మేము ఈ ఘట్టం దగ్గర ఆగకుండా ముందుకు పోలేము. మా తరగతిలో వెనుక వరుసలో కూర్చుని కిటికీలోంచి వీధిని చూస్తుండే పిల్లవాడిలో ఏమున్నదో మాకు ఏమి తెలుసు?

రెండవ తరగతి ప్లీడరు

ఆనాటి న్యాయవాద వృత్తిలో మెట్లు ఉండేవి. అన్నిటికంటె పై మెట్టున ఇంగ్లండులో చదివిన బారిస్టర్లు. ఉన్నత న్యాయస్థానంలో వాదించే వకీళ్ళు మరొక మెట్టు. జిల్లాలలోని దిగువ కోర్టులలో మాత్రమే వాదించగల రెండవ తరగతి ప్లీడర్లు కింది మెట్టు. ప్రకాశంగారు ఈ కింది మెట్టు మీద తన వృత్తి ప్రారంభించారు. మొదట కొద్దికాలం ఒంగోలులో, తరువాత రాజమండ్రిలో ప్లీడరుగా నిలదొక్కుకొన్నారు.

నాటి రాజమండ్రి గోదావరి గట్టున ఉన్న మధ్యతరగతి పట్టణం. 1901 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 36 వేలమంది ఉండేవారు. నేటి లెక్కకు అది ఒక పెద్ద పేట మాత్రమే. కాని ఆ పట్టణానికి తన జనాభాకు మించిన ప్రతిష్ఠ ఉండేది. అక్కడ కళాశాల ఉన్నది, కేంద్ర కారాగారం ఉన్నది, కోర్టులు ఉన్నవి. కందుకూరి వీరేశలింగంగారు 1890లో కట్టించిన పురమందిరం ఉన్నది. 1900లో గోదావరి మీద రైలువంతెన పూర్తయి మద్రాసు, కలకత్తాల మధ్య దారి కలిసింది. కొంత దిగువన ధవళేశ్వరం ఆనకట్ట అప్పటికి యాభై ఏళ్ళుగా డెల్టాకు నీరు ఇస్తున్నది. నీరు వచ్చిన చోట పంట, పంట వచ్చిన చోట భూమి తగాదాలు, తగాదాలు వచ్చిన చోట ప్లీడర్లు వస్తారు. ప్రకాశంగారికి వృత్తి బాగా సాగింది, ధనం చేరింది.

ఆ ధనంతో ఆయన స్థిమితంగా కూర్చుని ఉండవచ్చు. పూటకూళ్ళ ఇంటి బిడ్డకు సొంత కచేరీ, కక్షిదారుల రాకపోకలు, నాలుగు రాళ్ళు వెనకేసుకొనే స్థితి కలిగినప్పుడు ఇక చాలునని అనుకోవడం సహజం. ఆయన అలా అనుకోలేదు. పురపాలక సంఘంలో సభ్యుడైనారు. తరువాత ముప్పయ్యేళ్ళు దాటిన వయసులో, 1904 ప్రాంతంలో, ఆ సంఘానికి ఛైర్మన్‌గా ఎన్నికైనారు. ఆ పోటీ తేలికగా జరగలేదు. పట్టణంలో సంపన్నుల పలుకుబడి గట్టిది. వెనుక ఆస్తి లేకుండా, తాతలనాటి పేరు లేకుండా, మరొక జిల్లా నుంచి వచ్చిన ఒక ప్లీడరు ఆ కుర్చీలో కూర్చోవడం అందరికీ రుచించే విషయం కాదు.

పురపాలక సంఘమంటే ఏమిటి?

రాజమండ్రిలో పురపాలక సంఘం 1866లోనే ఏర్పడింది. మద్రాసు రాష్ట్రంలోని పట్టణాలకు 1884లో వచ్చిన జిల్లా పురపాలక చట్టం ఈ సంఘాలకు కొంత రూపు కల్పించింది. సభ్యులలో కొందరిని పన్ను చెల్లించే పౌరులు ఎన్నుకొనేవారు, మరికొందరిని ప్రభుత్వం నియమించేది. అందరికీ ఓటు లేదు. స్త్రీలకు లేదు, పన్ను కట్టలేని బీదవారికి లేదు. పైన కలెక్టరు కన్ను ఎల్లప్పుడూ ఉండేది. అంటే ఛైర్మన్ చేతిలో ఉన్న అధికారం స్వల్పం.

కాని ఆ స్వల్పంలో ఏమేమి ఉన్నవో చూడండి. వీధులు, వీధిదీపాలు, మురుగుకాలువలు, పారిశుద్ధ్యం, మశూచికి టీకాలు, ఆసుపత్రి, ప్రాథమిక పాఠశాలలు. వీటిని నడపడానికి ఇంటిపన్ను, వృత్తిపన్ను, బండ్లమీద పన్ను. ఒక బిడ్డ బ్రతుకుతుందా, చదువుతుందా, రాత్రి వేళ ఒక స్త్రీ వీధిలో భయం లేకుండా నడుస్తుందా అనే ప్రశ్నలకు సమాధానాలు ఢిల్లీలో కంటె ఎక్కువగా ఈ కార్యాలయంలోనే ఉంటాయి. సామ్రాజ్యాలు మారినా కాలువ తీసేవాడు రాకపోతే కలరా వస్తుంది. ఈ సత్యం 1904లో ఎంతో, నేడూ అంతే.

పన్ను అనే మాట వద్ద ఛైర్మన్‌కు అసలు పరీక్ష ఉంటుంది. బీదవాని వద్ద పన్ను వసూలు చేయడం సులభం, పెద్దింటి గేటు వద్ద బిళ్ళబంట్రోతు అడుగు ఆగిపోతుంది. పెద్దల ఇళ్ళముందు దీపం వెలుగుతుంది, బీదపేటలో స్తంభం కూడా ఉండదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా ఈ రెండు వంకరలూ ఎదురుపడతాయి. వాటిని సరిచేయబోయినవాడికి శత్రువులు పెరుగుతారు. చూసీచూడనట్టు ఊరుకొన్నవాడికి స్నేహితులు పెరుగుతారు. ఏది ఎన్నుకొంటాడన్నదే ఆ మనిషి విలువ.

మరొక విషయం గమనించదగినది. ఆ తరంలో దేశానికి నాయకులైన పలువురు వకీళ్ళు మొదట పట్టణ పాలనలో పాఠం నేర్చుకొన్నవారే. సేలంలో న్యాయవాదిగా ఉన్న రాజగోపాలాచారిగారు 1917 నుంచి 1919 వరకు ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షులు. గోధ్రా, బోర్సద్ వంటి చిన్న ఊళ్ళలో ప్లీడరుగా మొదలైన వల్లభ్‌భాయి పటేల్‌గారు 1924 నుంచి 1928 వరకు అహ్మదాబాదు పురపాలక సంఘాన్ని నడిపారు. బరిసాల్ పట్టణంలో వకాలతు చేసిన ఫజ్లుల్ హక్‌గారు 1935లో కలకత్తా మేయరైనారు. ఇలా జరగడానికి కారణం ఊహించడం కష్టం కాదు. వకీలు ప్రభుత్వ జీతం మీద ఆధారపడినవాడు కాదు. చట్టం అక్షరాలా చదివినవాడు. అధికారి ముందు నిలబడి మాట్లాడడం అతని నిత్యవృత్తి. అన్నిటికంటె ముఖ్యంగా, ఊరిలోని కష్టాలన్నీ కక్షిదారుల రూపంలో అతని గుమ్మం ఎక్కుతాయి.

కుర్చీ విడిచిన ఛైర్మన్

ఛైర్మన్ పదవిలో ఉన్న మనిషికి ఆ పట్టణంలో అంతకు మించిన గౌరవం లేదు. అయినా ప్రకాశంగారు ఆ గౌరవాన్ని పట్టుకొని వేలాడలేదు. పనిమీద రాజమండ్రికి వచ్చిన ఒక బారిస్టరు ఆయన వాదనాపటిమను చూసి, ఇంగ్లండు వెళ్ళి బారిస్టరు కావలసిందని ప్రోత్సహించారు. రెండవ తరగతి ప్లీడరుకు పై కోర్టు తలుపులు మూసి ఉంటాయి. ఆ తలుపులు తెరుచుకోవాలంటే మళ్ళీ విద్యార్థి కావాలి. ముప్పయ్యేళ్ళు దాటి, సంసారం ఉన్న మనిషి, పట్టణ ప్రథమ పౌరుడు, విద్యార్థిగా బల్లమీద కూర్చోవడానికి సిద్ధపడ్డారు.

అప్పట్లో సముద్రం దాటడం ఆయన సంఘంలో దోషం. తల్లి మనసు ఒప్పుకోవడం ఇంకా కష్టం. మాంసం, మద్యం, పొగ ముట్టనని ఆమెకు మాట ఇచ్చి ప్రకాశంగారు 1904లో లండను వెళ్ళారు. తల్లికి ఇచ్చిన మాట వేల మైళ్ళ దూరంలో, చూసేవారు ఎవరూ లేని చోట పాలించడంలో ఒక సౌందర్యం ఉన్నది. విదేశాలకు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళే మన పిల్లలకు ఇది చదివి వినిపించవలసిన సంగతి. అక్కడ శ్రద్ధగా చదివి, యోగ్యతాపత్రంతో బారిస్టరై, 1907లో మద్రాసు చేరారు.

మద్రాసు ఉన్నత న్యాయస్థానంలో ఆయన అనతికాలంలోనే ప్రసిద్ధులైనారు. ఆ ఏడాదే బిపిన్ చంద్రపాల్ మద్రాసులో ఉపన్యసించినప్పుడు, ప్రభుత్వ ఆగ్రహానికి జంకి పెద్దలు దూరంగా ఉండగా, సభకు అధ్యక్షత వహించడానికి ప్రకాశంగారు ముందుకు వచ్చారు. తరువాత పదునాలుగేళ్ళు ఆయన వృత్తి ఉచ్చస్థితిలో సాగింది. 1921లో, సహాయనిరాకరణోద్యమం పిలుపు మీద, ఆ వృత్తిని ఒక్కసారిగా విడిచిపెట్టారు. "స్వరాజ్య" పత్రికను స్థాపించి, సంపాదించినదంతా దానిలో ధారపోశారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళం మూడు భాషలలో ఆ పత్రిక నడిచింది. ధనం పోయింది, అప్పులు మిగిలాయి.

మలబారులో, మద్రాసు వీధిలో

మన పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన ఘట్టం ఒకటి ఇక్కడ ఉన్నది. 1921లో మలబారులో మాప్పిళ్ళల తిరుగుబాటు చెలరేగింది. ప్రభుత్వం సైనిక శాసనం విధించింది. అక్కడ రెండు వర్గాలకు చెందిన బీదలు నలిగిపోయారు. బయటివారెవరూ ఆ ప్రాంతంలో అడుగు పెట్టరాదన్న నిషేధం ఉన్నప్పటికీ ప్రకాశంగారు అక్కడ పర్యటించారు. దాని ఫలితంగా ఊటీలో ఉన్న తన ఆస్తి జప్తును ఆయన భరించవలసివచ్చింది. ముల్తానులో హిందూ ముస్లిం అల్లర్లు జరిగినప్పుడు అంతదూరం ప్రయాణం చేసి అక్కడికీ వెళ్ళారు. మాప్పిళ్ళలు ఆయన కులంవారు కారు, మతంవారు కారు, భాషవారు కారు, ఆయనకు ఓటు వేసేవారూ కారు. తనవారు కానివారి కష్టాన్ని కళ్ళారా చూడాలని వెళ్ళిన మనిషి తన ఆస్తిని మూల్యంగా చెల్లించాడు. ఈ సంగతి మన పిల్లలకు తెలియకుండా పెరగడం మన లోపమే అవుతుంది.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ భారతదేశంలో అడుగు పెట్టిన రోజున మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు సమీపంలో పోలీసుల కాల్పులకు ఒక యువకుడు బలి అయ్యాడు. ఆ శవాన్ని చూడడానికి వెళ్ళిన ప్రకాశంగారిని తుపాకులు అడ్డగించాయి. అప్పటికి ఆయనకు యాభై అయిదేళ్ళు. చొక్కా విప్పి, కాల్చమని గుండె చూపించారు. తుపాకులు దిగిపోయాయి, దారి తొలగింది. ఆ తరువాతనే ప్రజలు ఆయనను ఆంధ్రకేసరి అన్నారు. ఆ ఒక్క నిమిషపు ధైర్యం గురించి పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. కాని ఆ నిమిషం ఒక్క రోజులో పుట్టినది కాదని మా అభిప్రాయం. ఎంతో కాలం దిగువ కోర్టులలో అధికారుల ఎదుట నిలబడి, పురపాలక సభలో పలుకుబడి గలవారి ఎదుట మాట్లాడి, మద్రాసు సభలో అందరూ జంకిన కుర్చీలో కూర్చున్న మనిషికే ఆ గుండె అలవడుతుంది.

ఒక్క ఓటు

1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గంలో ప్రకాశంగారు రెవెన్యూ మంత్రి. జమీందారీ గ్రామాలలో రైతుల స్థితిని విచారించిన సంఘానికి అధ్యక్షత వహించి రైతు పక్షాన నివేదిక ఇచ్చారు. 1942 ఉద్యమంలో అరెస్టయి మూడేళ్ళు చెరసాలలో గడిపారు. 1946 ఏప్రిల్ నుంచి 1947 మార్చి వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా ఉన్నారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో తొలి ముఖ్యమంత్రి అయినారు. వసతులు లేని ఆ కొత్త రాజధానిలో డేరాల కింద ప్రభుత్వం నడిచింది. 1954 నవంబరులో, మద్యనిషేధ విధానం మీద వచ్చిన అవిశ్వాసంలో, ఒక్క ఓటు తేడాతో ఆయన మంత్రివర్గం పడిపోయింది.

న్యాయంగా చెప్పాలంటే ఆయన లోపాలు కూడా చెప్పాలి. ఆయనది ఆవేశపు స్వభావం. తోటివారితో సర్దుకొనిపోవడం తెలియదని అనేవారు ఉండేవారు. డబ్బు లెక్కలలో జాగ్రత్త తక్కువ. "స్వరాజ్య" పత్రిక మూతపడడానికి ఆ అజాగ్రత్త కూడా ఒక కారణమే. 1951లో కాంగ్రెసును విడిచి వేరే పార్టీలోకి వెళ్ళి, 1953లో ఆ కాంగ్రెసు తోడ్పాటుతోనే ముఖ్యమంత్రి కావడాన్ని విమర్శించినవారు ఉన్నారు. ఆ విమర్శలో బలం లేదని మేము అనము. కాని ఇన్ని పదవులు చేసిన మనిషి మీద ఎన్ని విమర్శలు వచ్చినా, ప్రజల సొమ్ముతో ఇల్లు నింపుకొన్నాడన్న పేరు మాత్రం ఆయనకు రాలేదు. పూటకూళ్ళ ఇంటి నుంచి వచ్చి, లక్షలు ఆర్జించి, తిరిగి చేతులు ఖాళీ చేసుకొని వెళ్ళినవాడు ఆయన.

1957లో, ఎనభై అయిదో ఏట, ఒంగోలు ప్రాంతంలో ఎండలో పర్యటిస్తూ వడదెబ్బకు గురై, మే 20న హైదరాబాదులో కన్నుమూశారు. ఆ ఏడాదే విజయవాడ వద్ద కృష్ణానది మీద పూర్తయిన కొత్త ఆనకట్టకు ప్రకాశం బ్యారేజీ అని పేరు పెట్టారు. ఆయన ఛైర్మన్‌గా ఉన్న రాజమండ్రి పురపాలక సంఘం 1994లో నగరపాలక సంస్థ అయింది. ఆనాడు ఛైర్మన్ అన్న చోట ఇప్పుడు మేయరు అంటారు. 2015లో పట్టణానికి రాజమహేంద్రవరం అనే పాత పేరు తిరిగి వచ్చింది. పేర్లు మారుతూ ఉంటాయి. కాలువ తీయించవలసిన బాధ్యత మాత్రం ఆ కుర్చీని విడిచిపోదు.

మేము చెప్పిన జవాబు

రెండు రోజుల తరువాత వకీలు మళ్ళీ వచ్చాడు. ఈసారి అతని తల్లి కూడా వచ్చి పరదా వెనుక కూర్చున్నది. మేము మొదట ఆమెకే చెప్పాము. "బెహెన్, మీ భయం న్యాయమైనదే. ఆ పనిలో నిందలు ఉంటాయి, ఖర్చు ఉంటుంది, రాత్రివేళ తలుపు తట్టేవారు ఉంటారు. కాని మంచి ఇంటి బిడ్డలను మనం గడప దాటనీయకపోతే ఆ కుర్చీలు ఖాళీగా ఉండవు. వేరెవరో కూర్చుంటారు. ఎవరు కూర్చున్నారో మన వీధి చూస్తే తెలుస్తున్నది కదా" అన్నాము.

తరువాత వకీలు వైపు తిరిగాము. "పదవి అమానతు. ఒకరు దాచమని ఇచ్చిన సొమ్ము వంటిది. దానిమీద నీకు కాపలా హక్కు ఉన్నది గాని ఖర్చు హక్కు లేదు. నిలబడేముందు మూడు విషయాలు తేల్చుకో. నీ వకాలతు ఆదాయంతో నీ ఇల్లు నడుస్తుందా? నడవకపోతే రెండేళ్ళు ఆగు. ఆకలిగా ఉన్నవాడు ఖజానా తాళం పట్టుకోరాదు. రెండవది, నీకు ఓటు వేయని పేటలో మొదటి దీపం వెలిగించగలవా? మూడవది, ఆ కుర్చీ పోయిన మరునాడు ప్రకాశంగారివలె పుస్తకం చంకలో పెట్టుకొని మళ్ళీ బడికి పోగలవా? ఈ మూడింటికీ నీ మనసు ఔనంటే, వెళ్ళు" అన్నాము.

అతడు కొంతసేపు మౌనంగా ఉండి, "మొదటిదానికి ఔను, మూడవదానికి ఔను. రెండవది కష్టం హజ్రత్. మావాళ్ళే ఊరుకోరు" అన్నాడు. ఆ నిజాయితీ మాకు నచ్చింది. "కష్టమని తెలిసినవాడే చేయగలడు. తేలిక అన్నవాడిని మేము నమ్మేవాళ్ళం కాము" అని చెప్పాము. పరదా వెనుక నుంచి తల్లి మాట వినిపించింది: "ముందు ఆ కాలువ సంగతి చూడమనండి, హజ్రత్. పిల్లలు తడుస్తున్నారు." ఆ మాటే ఆమె అంగీకారమని మేము గ్రహించాము.

అతడు గెలుస్తాడో ఓడుతాడో మాకు తెలియదు. గెలిస్తే మారతాడో నిలుస్తాడో కూడా ఇప్పుడే చెప్పలేము. కాని ఇరవై ఏళ్ళనాటి మా సలహా తప్పు అని ఒప్పుకొనే అవకాశం మాకు దొరికింది. అందుకే మరునాడు మేము ఆ దుకాణానికి నడిచి వెళ్ళి, ఆనాడు వెనక్కు పంపిన పాత విద్యార్థికి ఆ మాట స్వయంగా చెప్పాము. అతడు నవ్వి, మాకు కుర్చీ వేసి, "అయితే ఈ కుర్రవాడి ఎన్నిక ఖర్చుల లెక్క నేను రాస్తాను హజ్రత్. ఒక్క రూపాయి తప్పు పోనీయను" అన్నాడు. ఊరి పనికి ఒక్క మనిషి చాలడు. నిలబడేవాడు ఒకడు కావాలి, లెక్క రాసేవాడు ఒకడు కావాలి, చీర తాకట్టు పెట్టే తల్లి ఒకతె కావాలి. వీరు ముగ్గురూ ఉన్న వీధిలో నీరు ఎంతోకాలం నిలువ ఉండదని మా ఆశ.